చెంచాడు పెరుగు

పెరుగు పారబొయ్యండని ఒక ఆడకూతురు గుమ్మం గుమ్మం ఎక్కి బతిమాలడం ఆ వీధివాళ్ళు ఎన్నడూ ఎరగరు. అందుకే ఇందుమతిని చూసి మొదట నవ్వారు, తరవాత జాలిపడ్డారు, ఆఖరికి విసుక్కోవడం మొదలుపెట్టారు. పక్కింటి బుల్లెమ్మ అయితే మూడూ ఒకేసారి చేసింది.

“పారబొయ్యడానికి మనసొప్పకపోతే పోనీ పిన్నీ, ఆ గిన్నె పొయ్యిమీద పెట్టి మరిగించెయ్. అంతకన్నా ఏమీ అడగను,” అంది ఇందుమతి.

“పెరుగు మరిగించడవేంటే? పెద్ద చదువులు చదివేవు, నీకేవన్నా గాలి సోకిందా? శుక్రవారం పూట పెరుగు పొయ్యికెక్కిస్తే కొంపలో లచ్చిమి ఉంటదా?”

“అందులో ఉన్నది మామూలు పెరుగు కాదు. మా ప్రయోగశాలలో పుట్టిన బాక్టీరియా. పొరపాటున బయటికొచ్చింది. అది మంచిది కాదు పిన్నీ, నా మాట విను.”

“మంచిది కాదా!” బుల్లెమ్మ లోపలికి తిరిగి కేకేసింది. “ఏవండోయ్, ఇలా రండి. మన పెరుగు మంచిది కాదంట, ఇందమ్మ చెప్తంది.”

బుల్లెమ్మ మొగుడు పాపారావు నవ్వుకుంటూ వచ్చాడు. కోనసీమ కొబ్బరితోటల్లో దింపు తీయడం అతని పని. కాళ్ళకి తాడు బిగించుకుని చెట్టెక్కడం, గెలలు కోసి పడేయడం, దిగి ఇంకో చెట్టెక్కడం. ఏళ్ళ తరబడి ఎక్కీ దిగీ రెండేళ్ళుగా రొప్పు పట్టుకుంది. ఇప్పుడా రొప్పు లేదు. గుమ్మంలో నిలబడి గుండెమీద చరుచుకున్నాడు.

“పొద్దున్నుంచీ రాజుగారి తోటంతా నేనొక్కణ్ణే దింపేనమ్మా. సూడు, రొప్పుతున్నానా? కుర్రోడిగా ఉన్నప్పుడు కూడా ఇలా లేను. నువ్వు మా ఇంట్లో దీపం పెట్టేవు. ఇప్పుడు ఆర్పుకోమంటే ఎలాగ?”

గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా మేలు, గోడ కనీసం ఎదురు ప్రశ్న వెయ్యదు. ఇందుమతి చెప్పులేసుకుని పక్క గుమ్మానికి నడిచింది. అక్కడా అదే వరస.

ఈ గొడవకంతటికీ మూలం కబడ్డీ.

ఆ రోజుల్లో దేశానికి కబడ్డీ పూనకం పట్టి ఉంది. క్రికెట్టు చచ్చిపోలేదు గానీ దాని చుట్టూ జనం పలచబడ్డారు. పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు చెడుగుడు అని పిలుచుకునే ఆట, కాసిని గీతలు తప్ప ఏమీ అక్కర్లేని ఆట, జాతీయ లీగు పేరుతో అందరి నెత్తికీ ఎక్కింది. మ్యాచి ఉన్న సాయంత్రం ముహూర్తం పడితే పెళ్ళివారు పురోహితుణ్ణి తిట్టేవారు. చంటిపిల్లలు అమ్మా అనకముందే కూత పెట్టడం నేర్చుకుంటున్నారని పత్రికలు రాసి మురిసిపోయేవి. ఆ పిచ్చికి పదిమందీ కలిసి మందు వేయాల్సింది పోయి ఎగదోశారు. అందులో ఇందుమతిదీ ఒక చెయ్యి ఉంది.

ఆమె తమ్ముడు దొరబాబు గౌతమి జట్టులో ఆటగాడు. ఎదుటివాళ్ళ బరిలోకి కూతకి వెళ్ళడంలో వాడికి సాటి లేదు. చేపలాగా జారిపోయేవాడు. కానీ దమ్ము తక్కువ. ఊపిరి బిగబట్టి కబడ్డీ కబడ్డీ అంటూ పోయినవాడు అదే ఊపిరిలో గీత దాటి వెనక్కి రావాలి. దొరబాబు కూత సగంలో తెగిపోయేది. జట్టు శిక్షకుడు సూరపరాజు గారు కొన్నాళ్ళు ఓర్చుకుని, తరవాత వాణ్ణి బెంచీమీద కూర్చోబెట్టాడు. ఒకనాడు దొరబాబు పెరట్లో బట్టలుతికే రాయిమీద కూర్చుని, అంత పెద్దాడు, అక్కముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఒంట్లో అన్నీ ఉన్నాయక్కా. ఊపిరొక్కటే నన్ను మోసం చేస్తంది.”

ఆ ఏడుపు ఇందుమతి కాకినాడకి మోసుకెళ్ళింది. అక్కడ ఆమె పని పాలని పెరుగు చేసే బాక్టీరియామీద. మామూలు పెరుగు బాక్టీరియా పాలలో తీపి తిని పులుపు పుట్టిస్తుంది. పరిగెత్తిన మనిషి కండల్లో పేరుకునేది కూడా ఆ జాతి పులుపే. అయితే ఆ పులుపునే తిండిగా చేసుకునే బాక్టీరియా కడుపులో ఉంటే ఎలా ఉంటుంది? రక్తంలోంచి పేగుల్లోకి వచ్చే పులుపుని వచ్చింది వచ్చినట్టు మేసేస్తూ, అందులోంచి ఒంటికి కాస్త సత్తువ తిరిగిస్తూ? ఏళ్ళు పడుతుందనుకున్న పని పట్టుదలమీద తొందరగానే అయిపోయింది. కొత్త బాక్టీరియా పులుపు తింటుంది కాబట్టి అది ఉన్న పెరుగు గడ్డలా తోడుకుని, మర్నాటికి కూడా తియ్యగానే ఉండేది. చక్రంలో పరిగెత్తే ఎలకలు ఆ పెరుగు తిని మిగతా ఎలకలకన్నా ఎంతో సేపు పరిగెత్తాయి.

దాన్ని విచ్చలవిడిగా వదిలేసేంత తెలివితక్కువది కాదు ఇందుమతి. ప్రయోగశాలలో పాలకి కలిపే ఒక రకం చక్కెర లేకపోతే అది బతకకుండా కట్టుదిట్టం చేసింది. తినడం మానేస్తే కడుపులో దానంతటదే చచ్చిపోవాలి. అన్నీ సరిచూసుకున్నాకే తమ్ముడికి సీసాలో పెట్టి పంపింది. కొద్దివారాల్లో దొరబాబు కూత తెగడం మానేసింది. ఎదుటి బరిలో వాడు నింపాదిగా తిరుగుతుంటే జనం లేచి నిలబడి చూసేవారు. సూరపరాజు గారు కూపీ లాగి జట్టంతటికీ అదే పెట్టించాడు.

“మందు కాదు, మాకు కాదు, పెరుగు! పెరుగన్నం తినకూడదని ఏ రూలు పుస్తకంలో ఉందమ్మా?” అన్నాడాయన, మీసం దువ్వుకుంటూ.

గౌతమి జట్టు వరసపెట్టి గెలిచింది. ప్రయోగశాల డైరెక్టరు గారు టీవీలో కనపడ్డం మొదలుపెట్టారు. ఇందుమతికి కూడా లోలోపల ఎంత గర్వంగా ఉండేదో ఎందుకు దాచడం. తమ్ముడి కూత వినపడినప్పుడల్లా ఆ ఊపిరి నేనిచ్చిందేనని ఆమె ఒళ్ళు పులకరించేది.

ఒక పొద్దున్న ఎలకల గదిలోకి వెళ్తే, పెరుగు పెట్టని బోనులో ఎలక చక్రంలో పరిగెడుతోంది. దానికి ఈ బాక్టీరియా ఎవరూ ఇవ్వలేదు. పక్క బోనులోంచి పెంట రాలి పడితే ముట్టుకుంది, అంతే. ఆ ఎలక ఆగలేదు. ఇందుమతి మజ్జిగ తాగి వచ్చింది, ఆగలేదు. బోను తలుపు తీసి గింజలు పెట్టింది, ఆగలేదు. ఉన్నట్టుండి చక్రం ఆగింది. ఎలక చచ్చిపోయింది. కోసి చూస్తే గుండె కండ చివికిపోయి ఉంది.

ఆమె ఆ రోజంతా తల పట్టుకుని కూర్చుని కారణం తవ్వింది. బాక్టీరియా కొద్దిమందిగా ఉన్నప్పుడు ఎవరి పని వారిదే. అవి ఒకదానికొకటి రసాయనాలతో కబుర్లు పంపుకుంటూ, ఎంతమంది పోగయ్యామో చూసుకుంటూ ఉంటాయి. చాలినంత గుంపు చేరిందని తెలిసిన క్షణాన అన్నీ ఒక్కుమ్మడిగా విజృంభిస్తాయి. సీసాలోది తిన్నంత మాత్రానికి కడుపులో ఆ గుంపు చేరదు. కానీ ఈ ఎలక కడుపులో చేరింది. చేరాక పులుపంతా ఊడ్చిపెట్టేసి, దాంతో ఆగకుండా ఇంకేదో కూడా పుట్టిస్తోంది. ఒళ్ళు ఇక చాలు అని మెదడుకి పంపే కబురుని అది మధ్యలోనే మింగేస్తోంది. కండ అలిసిపోతూనే ఉంటుంది, మనిషికి తెలియదు. మరి చక్కెర లేకుండా ఇది ఎలా బతికింది? ఆ ప్రశ్నకి జవాబు ప్రయోగశాలలో దొరకలేదు. మర్నాడు అమలాపురంలో ఇంటికెళ్తే, అమ్మ పెట్టిన అన్నంలో దొరికింది.

పెరుగు తియ్యగా, గడ్డలా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకున్న ఇందుమతి కంచంలోకి తేరిపార చూసింది.

“అమ్మా, ఈ పెరుగెక్కడిది?”

“ఎక్కడిదేంటి, మనింట్లోదే,” అంది నూకరత్నం. “తమ్ముడికి పంపేవు కదా సీసా, దాని అడుగున చెంచాడు మిగిలితే పాలలో తోడేశాను. నా తల్లే, ఎంత బాగా తోడుకుందనీ! అప్పట్నించీ అదే వాడుతున్నాను.”

“సీసా కడిగెయ్యమని చెప్పాను కదమ్మా!”

“కడిగేశాను. పెరుగు తీశాక.” నూకరత్నం కూతుర్ని వింతగా చూసింది. “అంత మంచి పెరుగు తూములో పోస్తామా ఎవరవైనా?”

“ఇంకెవరికైనా ఇచ్చావా?”

“అడిగితే ఇవ్వనా? బుల్లెమ్మకి ఇచ్చాను. బుల్లెమ్మ మెట్టవీధిలో వాళ్ళ ఆడపడుచుకి ఇచ్చింది. ఆవిడ కూతురు కొత్త కాపరానికి రాజమండ్రి పట్టుకెళ్ళింది. గుళ్ళో వంటాయన, తమ్ముడి జట్టు వంటాయన కూడా అడిగి తీసుకెళ్ళారు.”

ఇందుమతి కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఆ ఇంటి పెరుగు గిన్నెలో ఏళ్ళనాటి పాత బాక్టీరియా ఉంది. అదీ ఇదీ ఒకే పాలలో కాపరం చేశాయి. పక్కనున్నదానికి తమ దగ్గరున్న జన్యువు ముక్క తీసి ఇచ్చేయడం బాక్టీరియా నైజం, నీది నాది అనే లెక్క వాటికి లేదు. మామూలు పాలమీద బతికే నేర్పు పాతది కొత్తదానికి ఇచ్చేసింది. ఆమె వేసిన కట్టు అక్కడ తెగిపోయింది. కిందటిసారి ఇంటికొచ్చి గమనించకుండా తిన్న ఈ పెరుగుతోనే తనే దాన్ని కాకినాడ మోసుకెళ్ళి ఉంటుంది. ప్రపంచంలో ఉన్న సూక్ష్మజీవుల నడతంతా చదివింది గానీ, అడుగున మిగిలిన మంచి పెరుగుని ఏ తల్లీ పారెయ్యదనీ, తోడు అడిగితే ఏ ఇల్లాలూ లేదనదనీ ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి తట్టలేదు. తనమీద తనకి పుట్టిన కోపానికి ఆమె గోడకి తల కొట్టుకుందామనుకుంది.

అలా మొదలైంది గుమ్మాలెక్కడం. ఒక్కరూ వినలేదు.

డైరెక్టరు గారూ వినలేదు. “ఎలకలు వేరు, మనుషులు వేరు. నువ్వు చెప్పేదానికి మనిషి దాఖలా ఒక్కటి చూపించు. జట్టు ఫైనల్‌కి వెళ్తున్న సమయంలో ఈ అపశకునపు మాటలేమిటమ్మా?” అన్నారు.

మనిషి దాఖలా పాపారావు రూపంలో వచ్చింది. ఒక మధ్యాహ్నం తోటలో చెట్టుమీద నుంచి పడ్డాడు. కింద బోదెకాలవలో నీళ్ళూ బురదా ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక నలిగిపోయింది. ఆసుపత్రి మంచంమీద ఇందుమతి చెయ్యి పట్టుకుని రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు.

“కాలు జారలేదమ్మా. చేతులు వాటంతటవే విడిపోయినియ్యి. అలుపొస్తే ముందు తెలుస్తది కదా, కాసేపు చెట్టుని కరుసుకుని ఉండిపోతాం. ఇయ్యాల ఏం తెలవలేదు. బానే ఉన్నాననుకున్నాను, పడిపోయేను.”

పక్కనే ఉన్న బుల్లెమ్మ ఒప్పుకోలేదు. “చెట్టు నాచు పట్టిపోయింది, జారేడు. ఆ మాటా ఈ మాటా కలిపి పెరుగుమీద తోయకు ఇందమ్మా.” గొంతు తగ్గించి మళ్ళీ అంది, “ఈయన మంచాన పడ్డాడు. ఇంక నేనే కాయలు వలవాలి, నేనే బళ్ళకెత్తాలి. ఈ పెరుగు లేకపోతే నావల్ల అయ్యే పనేనా? నువ్వే చెప్పు.”

ఆ మనిషికి ఏమని చెప్పాలి? నీకూ ఇదే గతి పడుతుందనా? పడ్డాక మందిప్పిస్తాననా? కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఇందుమతి ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చింది.

సూరపరాజు గారి దగ్గరికి వెళ్తే ఆయన పాపారావు కథ ఓపిగ్గా విన్నాడు. “పాపం,” అన్నాడు. “అయినా ఆటలో దెబ్బ లేకుండా ఆటెక్కడుంది తల్లీ? మోకాళ్ళు పోతాయి, భుజాలు పోతాయి. ఈ ఒక్క మ్యాచి కానియ్.” కబడ్డీ సమాఖ్యలో పెద్దాయన ఒకరు ఫోనులో పడీ పడీ నవ్వాడు. “పెరుగు బాక్టీరియా కడుపులో ఉందని ఆటగాణ్ణి పక్కన పెట్టాలా? అలా అయితే సగం దేశాన్ని పక్కన పెట్టాలమ్మా.”

ఇక మిగిలింది దొరబాబు. జట్టు అప్పటికే హైదరాబాదు చేరింది. ఇందుమతి బాక్టీరియాని చంపే మాత్రలు కొని సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఆటగాళ్ళ విడిదిలో వేపచెట్టు కింద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఎలక దగ్గర్నుంచి పాపారావు దాకా అంతా చెప్పింది.

దొరబాబు చాలాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశాడు.

“ఈ మాత్రలు వేసుకుంటే ఏవవుతుంది?”

“కడుపులో అవన్నీ చచ్చిపోతాయి. నువ్వు మామూలవుతావు.”

“మామూలంటే? మళ్ళీ సగంలో కూత తెగిపోయేవాణ్ణా?”

“బతికుండేవాడివిరా.”

“అక్కా,” అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు చూసి ఇందుమతికి ప్రాణం ఉసూరుమంది. “ఇన్నాళ్ళూ గీత దగ్గర దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాణ్ణి. ఇంకో అడుగేస్తే అవుటు చేస్తానని తెలిసీ తిరిగేవాణ్ణి. ఇప్పుడు భయం లేకుండా వెళ్తున్నాను. నాకు ఊపిరి పోసింది నువ్వే. నువ్వే లాక్కుంటానంటావేంటి?”

“లాక్కోడం కాదురా దొరబాబూ, ఆగడం తెలీని ఊపిరి ఊపిరి కాదు.”

“ఫైనల్ అయ్యాక వేసుకుంటాను. నీమీదొట్టు.” మాత్రలు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కొట్టి తాగించడానికి వాడు చిన్నపిల్లాడు కాదు.

పోనీ వంటవాడినైనా పట్టుకుని ఆ పెరుగు మరిగించేద్దామని ఆమె వంటశాలకి పరిగెత్తింది. పక్క వంటశాల గుమ్మంలో ఎదుటి జట్టు వంటమనిషి మల్లమ్మ కూరగాయలు తరుగుతోంది. ఫైనల్లో ఎదుటి జట్టు పాలమూరుది. రెండు జట్ల వంటశాలలకీ మధ్య ఒక్క గోడే అడ్డం.

“ఆంధ్రోళ్ళ పెరుగా? మస్తుంటదమ్మా,” అంది మల్లమ్మ. “వచ్చిన దినమే జర్ర తోడియ్యవయ్యా అని అడిగిన, మీ వంటాయన గిన్నెల పోసి ఇచ్చిండు. మా పోరగాండ్లు గిప్పుడు గదే తింటున్రు. గట్టిగుంటది, పులుపెక్కదు.”

ఎవరిమీద గెలవాలని ఈ పెరుగు దాచుకుని తిన్నారో వాళ్ళూ దాన్నే తింటున్నారు. బాక్టీరియాకి జట్లు తెలియవు. గిన్నె పట్టుకొచ్చిన మనిషికి లేదనడం ఆ వంటాయనకీ తెలియదు. ఇప్పుడు ఏ గిన్నె మరిగించీ లాభం లేదు, అది అందరి కడుపుల్లోనూ చేరింది.

ఫైనల్ చూసినవాళ్ళు అంతటి ఆట పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నారు. అందులో అబద్ధం లేదు. ఇటు ఏడుగురూ అలవలేదు, అటు ఏడుగురూ అలవలేదు. పట్టు పట్టినవాడు వదలడు, పట్టుబడినవాడు లొంగడు. ఆట ముగిసే వేళకి లెక్కలు సమానం. అదనపు సమయం ఇచ్చారు, అప్పుడూ సమానమే. మళ్ళీ ఇచ్చారు. జనం గొంతులు బొంగురుపోయాయి గానీ బరిలో ఒక్కడికీ రొప్పు రాలేదు. అంతమంది ఆటగాళ్ళలో ఒక్కడైనా నడుంమీద చేతులు పెట్టుకుని వంగలేదే అని ఆ వేల జనంలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇందుమతి మాత్రం కంచె పట్టుకుని, ఆపండి ఆపండి అని అరుస్తోంది. పక్కవాళ్ళు ఆమె కూడా అభిమానంతో అరుస్తోందనుకుని వంత పాడారు.

ఆఖరి కూతకి దొరబాబు వెళ్ళాడు. నేల తాకి కళ్ళకద్దుకుని, కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాడు. ఒకణ్ణి కాలితో తాకాడు, ఇంకొకణ్ణి చేత్తో తాకాడు, వెనక్కి తిరిగాడు. మధ్య గీత దగ్గరికి వచ్చేశాడు. వాడి గొంతు వణకలేదు. కాళ్ళు మాత్రం ఉన్నపళంగా విరిగిన పుల్లల్లా మడత పడ్డాయి. ముందుకి బోర్లా పడ్డాడు. చాపిన చెయ్యి గీతకి అవతల, సొంత బరిలో పడింది.

ఈల మోగింది. గౌతమి జట్టు గెలిచింది. జనం ఆకాశం పగిలేలా అరిచారు. సూరపరాజు గారు పంచె ఎగ్గట్టి గంతులేశాడు. జట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చి దొరబాబు వీపుమీద పడి కావిలించుకున్నారు. ఇందుమతి కంచె దూకి, ఒక్కొక్కణ్ణీ లాగి పడేసి, తమ్ముణ్ణి వెల్లకిలా తిప్పింది. వాడి మొహం తెల్లబడిపోయింది. పెదవులు కదులుతున్నాయి. కబడ్డీ, కబడ్డీ. కూత ఇంకా ఆగలేదు.

“ఆపరా! అయిపోయిందిరా, ఆపు!” అని ఆమె వాడి చెంపలమీద కొట్టింది.

“అక్కా,” అన్నాడు ఎట్టకేలకి, వింత పడుతున్నట్టు. “నాకేం అలుపు లేదు. ఎందుకు లేవలేకపోతున్నాను?”

ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. గుండె కండలో కొంత భాగం చచ్చిపోయిందని డాక్టర్లు చెప్పారు. కడుపులో బాక్టీరియాని చంపడానికి ఇందుమతి చెప్పిన మందులే వాడారు. చంపగా చంపగా అన్నీ పోయాయి, మంచివీ చెడ్డవీ. ఇక జన్మలో బరిలోకి దిగకూడదన్నారు. సమాఖ్యవాళ్ళు దండా శాలువా పంపారు. రెండు జట్లలోనూ ఇంకొందరు మంచాన పడ్డాక విచారణ సంఘం వేశారు. ఎండ దెబ్బ అని ఆ సంఘం తేల్చింది. మ్యాచి జరిగింది ఏసీ స్టేడియంలో. ఇందుమతి ఆ మాట పత్రికలన్నిటికీ రాసింది. ఎవరూ అచ్చు వేయలేదు.

దొరబాబుని ఇంటికి తీసుకొచ్చిన రోజున నూకరత్నం పెరుగు గిన్నె ఉన్నపళంగా పొయ్యికెక్కించింది. ఎవరూ చెప్పలేదు. ఆ పెరుగు విరిగి, పొంగి, అడుగంటి మాడిపోయేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. తరవాత ఖాళీ గిన్నె పట్టుకుని తోడు కోసం బయల్దేరింది. ముందు ఆ చివరిల్లు, తరవాత మెట్టవీధి, ఆ తరవాత కాలవ అవతల. పాత పెరుగు ఎవరింట్లోనైనా ఉందా అమ్మా, పుల్లటిది, మునపటిది, అని అడిగింది. అందరూ తియ్యటి గడ్డ పెరుగు చూపించి, ఇంత మంచిది ఉండగా పుల్లటిదెందుకమ్మా అన్నారు. ఎండలో ఊరంతా తిరిగి ఖాళీ గిన్నెతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“ఒక్కింట్లో లేదే ఇందూ. ఒక్కింట్లోనూ లేదు. అంతా నా చేత్తో ఇచ్చిందే.”

“నా చేత్తో చేసిందమ్మా,” అంది ఇందుమతి.

చివరికి నూకరత్నం తన అత్తగారు చేసే పద్ధతి గుర్తు చేసుకుంది. గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసి మూత పెట్టింది. మొదటిసారి పాలు పాలలాగే ఉన్నాయి. రెండోసారి నీళ్ళు తేలి, జారుగా, ఏదో పెరుగు అనిపించేలా తోడుకుంది. దాన్నే తోడుగా వేసి మళ్ళీ మళ్ళీ చేస్తే నాలుగు రోజులకి కాస్త రూపు వచ్చింది. పుల్లగా ఉండేది. ఇందుమతి దాన్ని ప్రయోగశాలకి తీసుకెళ్ళి పరీక్షించి, అందులో తన సృష్టి ఒక్కటీ లేదని తేల్చుకున్నాకే తమ్ముడి అన్నంలో వేయనిచ్చింది. వాడు మొహం వికారంగా పెట్టి తిన్నాడు.

ఆ సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి ముందు, దొరబాబు మొదటిసారి మంచం దిగి వీధి గేటు దాకా నడుస్తానన్నాడు. అక్క ఒక పక్క, అమ్మ ఒక పక్క నడిచారు. గేటు దగ్గరికి వెళ్ళేసరికి వాడి ఛాతీ ఎగసిపడింది. నోరు తెరిచాడు. గేటు పట్టుకుని వంగిపోయాడు.

“అక్కా... ఆగు... ఆయాసం వస్తంది.”

ఆ మాట కోసమే బతికినట్టు ఇందుమతి వాడి వీపు నిమురుతూ ఏడ్చేసింది. “రానీరా. రొప్పు. ఎంత కావాలంటే అంత రొప్పు. కూర్చో, ఎవరూ తరమడం లేదు.” వాడు గట్టుమీద చతికిలబడి, ఓడిపోయినవాడిలా, రొప్పుతూ కూర్చున్నాడు. నూకరత్నం ఆ రొప్పు వింటూ కొంగుతో వాడి నుదురు తుడిచింది.

వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి తల్లీకూతుళ్ళు మంచినీళ్ళకి లోపలికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలోంచి బుల్లెమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వస్తోంది. మొగుడు పడ్డాక మనిషి సగమయింది. చేతుల నిండా కొబ్బరి పీచు కోసిన గాట్లు, కళ్ళు లోపలికి పోయాయి. అయినా చలాకీగా నవ్వింది.

“వచ్చేరా? మీ పెరుగు నీళ్ళ లాగ ఉంటందని, పిల్లోడు పులుపు తినలేకపోతున్నాడని రత్నమక్క నిన్న బాధపడితే నా మనసాగలేదు. గోరెచ్చటి పాలు చల్లారబెట్టి ఉన్నాయి కదాని మా పెరుగు ఓ చెంచాడు తెచ్చి కలిపేసేను. పొద్దుటికి రాయిలా తోడుకుంటది. పాపం, పిల్లోడికి కాస్త సత్తువ రావాలి కదా.”

ఇన్నాళ్ళ కోపంతో అరవడానికే ఇందుమతి నోరు తెరిచింది. కానీ ఆ గాట్లు పడ్డ చేతులు చూసి ఏమని అరుస్తుంది?

నూకరత్నం ఆమెని పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. మూత తీసింది. ఆవిడ తన జన్మలో ఒక్క బొట్టు పాలు పాడుచేసిన మనిషి కాదు. పాలగిన్నె ఎత్తి పొయ్యిమీద పెట్టి, మంట పెద్దది చేసింది.

“అదేంటక్కా, తోడేసిన పాలు మళ్ళీ కాస్తావా?” బుల్లెమ్మ గాభరాగా ముందుకొచ్చింది. “విరిగిపోవూ?”

వీధి గట్టుమీద దొరబాబు ఇంకా రొప్పుతున్నాడు. వంటింట్లోకి స్పష్టంగా వినపడుతోంది. నూకరత్నం చెవి అటే వేసి, చూపు గిన్నెమీదే ఉంచి, బుల్లెమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కన పీటమీద కూర్చోబెట్టింది.

“విరగనీ బుల్లెమ్మా. కాసేపు కూర్చో. ఆ శబ్దం విను.”